గడప దాటని రాజులు

నేను కాలేజీలో చెప్పే పాఠం మధ్యయుగపు ఐర్లండ్ రాజుల గురించి. ఆ మాట వినగానే మావాళ్ళు అడిగేది ఒకటే: "దాంతో జాబ్ వస్తుందామ్మా?" డాలస్ పక్కన కాపెల్‌లో, ఇంటికి ఇద్దరు ఐటీ వాళ్ళున్న చోట పెరిగి ఈ చదువు చదివినందుకు నాకు ఆ శిక్ష పడాల్సిందే. మా నాయనమ్మ ఒక్కతే వేరే ప్రశ్న వేసింది. "వాళ్ళెందుకే కొట్టుకునేవాళ్ళు?"

ఎందుకంటే అక్కడ పెద్దకొడుకే రాజు కావాలన్న నియమం లేదు. ఒకే ముత్తాత సంతానంలో తగినవాడెవడైనా గద్దె అడగొచ్చు. అన్న కొడుకులూ అర్హులే, తమ్ముడి కొడుకులూ అర్హులే, కాబట్టి అందరికీ అందరూ శత్రువులే. తార అనే కొండ పేరు మీద మహారాజునని చెప్పుకోవడానికి ఒకే వంశంలోని రెండు శాఖలు, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, తరాల తరబడి వంతులు వేసుకున్నాయి. ఈసారి మీరు, వచ్చేసారి మేము. కాదన్నవాడు కత్తి తీసేవాడు.

క్లాసులో ఇది చెబుతుంటే పిల్లలు ఫోన్లు చూసుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. నేను చెబుతున్నది మా ఇంటి భాగోతం మరి.

కాపెల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘాన్ని మొదలుపెట్టింది నాన్న, బాబాయ్. మొదట మా గరాజ్‌లో ప్రార్థన కూటం, ఆ తర్వాత ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు ఆదివారాలు అద్దెకు. గుంటూరు నుంచి, కాకినాడ నుంచి వచ్చిన కుటుంబాలు ఒక్కొక్కటే చేరాయి. సంఘ పెద్దగా ఒక విడత నాన్న, ఒక విడత బాబాయ్. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు, అలవాటైపోయింది. రెండేళ్ళ కిందట బాబాయ్ తన విడత పూర్తవుతుండగా, తన తర్వాత తన కొడుకే పెద్ద అని ప్రకటించాడు. నాన్న ఆరాధన మధ్యలో లేచి నిలబడి, "మా వంతేమైందిరా?" అన్నాడు. ఆయన మనసులో ఉన్నది మా అన్నయ్య. అన్నయ్యేమో అప్పటికే ఎక్కడో కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చూసుకుంటున్నాడు. బాబాయ్ కొడుక్కి ఆదివారం ఫుట్‌బాల్ తప్ప ఇంకేమీ పట్టదు. వద్దు మొర్రో అంటున్న ఇద్దరు యువరాజుల కోసం ఇద్దరు ముసలి రాజులు సంఘాన్ని రెండు ముక్కలు చేశారు.

ఇప్పుడు అదే హాల్లో బాబాయ్ వాళ్ళ ఆరాధన ఉదయం తొమ్మిదింటికి, నాన్న వాళ్ళది మధ్యాహ్నం రెండింటికి. అవే పాటలు, అదే కీబోర్డు. అమ్మ, పిన్ని మాత్రం రోజూ గంటసేపు ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆ సంగతి తమకు తెలియనట్టు భర్తలిద్దరూ నటిస్తారు. సిగ్గులేని మనుషులు!

మధ్యలో నలిగిపోయింది నాయనమ్మ. ఏ కొడుకింట్లో ఉన్నా రెండోవాడు అలుగుతాడని నా అపార్ట్‌మెంట్‌కి వచ్చేసింది. తొమ్మిదింటికి వెళితే ఒక పక్షం, రెండింటికి వెళితే ఇంకో పక్షం, అందుకని గుడికి వెళ్ళడమే మానేసింది. పుట్టి బుద్ధెరిగాక ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడం, ఎన్నడూ తప్పని మనిషి. "ఇటొకడు అటొకడు కూర్చుంటేనే బల్ల తీసుకుంటా. లేకపోతే ఇక పైకెళ్ళాకే" అంది. ఈ మధ్య నాలుగడుగులు వేస్తేనే ఆయాసం. ఆ మాట వట్టి బెదిరింపు కాదని నాకు తెలుసు.

క్రిస్మస్‌కి ఒక్క ఆరాధన, ఒక్కటంటే ఒక్కటి, కలిపి చేయమని ఒప్పించాలనుకున్నాను. ఎక్కడ కలపాలి? ఐర్లండ్‌లో ఒక రాజు ఇంకో రాజుకి లొంగిపోయాడని రాయాలంటే, వాడు వీడి ఇంట్లోకి వచ్చాడని రాసేవాళ్ళు. అంతే, ఇంట్లో అడుగుపెడితే లొంగినట్టు. ఎదుటివాడు ఇచ్చిన బహుమతి పుచ్చుకున్నా లొంగినట్టే. అందుకే సమానులమనుకునే రాజులు ఎవరింటికీ పోకుండా సరిహద్దులో కలుసుకునేవాళ్ళు. మాకున్న సరిహద్దు నా అపార్ట్‌మెంట్ ఒక్కటే. శనివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు.

నాయనమ్మ పొద్దున్నే కుర్చీలో కూర్చుని కోడి పలావుకి నాచేత మసాలా నూరించింది. నూరుతూ ఆవిడకి రాజుల కబుర్లు చెప్పాను. ఒంటికి లోపం ఉన్నవాడు రాజుగా పనికిరాడని, కన్ను పోతే గద్దె కూడా పోయేదని చెబితే పడీపడీ నవ్వింది. "అయితే మీ నాన్నకి మోకాలిచిప్ప మార్చారు, మీ బాబాయ్‌కి షుగరు. ఇద్దర్నీ దింపెయ్యొచ్చుగా!" అంది. తర్వాత నవ్వాపి అడిగింది. "మరి వాళ్ళమ్మలు ఏం చేసేవాళ్ళే?"

"పెద్దగా రాయలేదు నాయనమ్మా. ఫలానావాడి కొడుకు ఫలానావాణ్ణి చంపాడు అని తండ్రుల పేర్లే ఉంటాయి."

"అదేంటే, అమ్మలు లేకుండా పుట్టారా?" అంది.

పన్నెండున్నరకి నాన్న మెసేజ్: "వాడు వచ్చాడా?" ఇంకా లేదన్నాను. కాసేపటికి బాబాయ్: "అన్నయ్య వచ్చాడా?" లేదన్నాను. ఒంటిగంట దాటింది. అన్నం చల్లారిపోతోంది. అనుమానమొచ్చి బాల్కనీలోకి వెళ్ళి చూస్తే, కింద పార్కింగ్‌లో ఎదురెదురుగా రెండు కార్లు, రెండింట్లోనూ ఇంజన్ నడుస్తోంది. నాన్న ఒక దాంట్లో, బాబాయ్ ఒక దాంట్లో. ముందు వెళ్ళినవాడు రెండోవాడి కోసం కాచుక్కూర్చున్నట్టవుతుంది, వెనక వెళ్ళినవాడు దొరలా వచ్చినట్టవుతుంది అని బాబాయ్ లెక్క. తమ్ముడు ముందొచ్చి ఎదురుచూడాలి కానీ తను ఎదురుచూడటమేంటని నాన్న లెక్క. నేను ఇద్దరికీ ఫోన్ చేసి అరిచాను. "వాణ్ణి కదలమను" అన్నాడు నాన్న. "నేనెప్పుడూ తగ్గేవాణ్ణేనమ్మా, ఈసారి మాత్రం కాదు" అన్నాడు బాబాయ్.

"నన్ను కిందికి తీసుకెళ్ళు" అంది నాయనమ్మ.

వద్దన్నా వినలేదు. శాలువా కూడా కప్పుకోలేదు. లిఫ్టులో దిగి, వాకర్ తోసుకుంటూ తిన్నగా రెండు కార్ల మధ్యకి వెళ్ళి, ఆ వాకర్‌కున్న సీటు మీద కూర్చుంది. డిసెంబర్ గాలి ఈడ్చి కొడుతోంది. నాన్న, బాబాయ్ ఇద్దరూ కార్లు దిగి పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ కోట్లు విప్పారు. "అమ్మా, ఇది వేసుకో" అని ఈయన, "అమ్మా, నా కార్‌లో హీటర్ ఉంది, ఎక్కు" అని ఆయన. ఆవిడ ఏ కోటూ ముట్టుకోలేదు, ఏ కారూ ఎక్కలేదు. నా స్వెట్టర్ తీసి కప్పితే ఊరుకుంది.

"ప్రార్థన చెయ్యండి. అన్నం తినాలి" అంది.

ఇద్దరూ తలలు వంచారు. ఎవరో ఒకరు 'మా పరలోకపు తండ్రీ' అంటే చాలు, రెండోవాడు అందుకుంటాడు, చిన్నప్పుడు వాళ్ళకి నేర్పింది ఆవిడే. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఇంజన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ముందు మొదలుపెట్టే హక్కు వయసులో పెద్దయిన నాన్నదా, ఆఖరి విడత సంఘ పెద్దగా చేసిన బాబాయ్‌దా? కళ్ళు తెరిచి చూస్తే, నాన్న తమ్ముడి వంక, బాబాయ్ అన్న వంక ఓరగా చూస్తున్నారు, రెండోవాడు నోరు తెరుస్తాడేమోనని. ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలనిపించింది.

చాలాసేపు చూసి, నాయనమ్మ "ఆమెన్" అంది. నావైపు చెయ్యి చాచింది.

లేపి లిఫ్టు దాకా నడిపించాను. వెనక నుంచి ఇద్దరూ "అమ్మా, అమ్మా" అంటున్నారు కానీ, ఒకణ్ణి దాటి ఒకడు ముందుకు రాలేదు. లిఫ్టు తలుపు మూసుకున్నాక ఆవిడ ఊపిరి కూడదీసుకుంది.

"పలావు రెండు డబ్బాల్లో పెట్టి ఇచ్చిరా. ముక్కలు సమానంగా వెయ్యి, లెక్కపెట్టుకుంటారు" అంది. ఆవిడ నా స్వెట్టర్ దగ్గరికి లాక్కుంది.

"మీ పుస్తకాల్లో అమ్మల గురించి ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసిందే నాకు. ఏం రాస్తారు, చలిలో కూర్చుని లేచొచ్చిందనా?"