నేను నొక్కిన సీలు

ఇది ఇంట్లో కూడా చెప్పలేదు. ఏళ్ల తరబడి మోస్తున్నాను, ఇక నా వల్ల కావడం లేదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాంపల్లిలో నాకు బైకులు బాగుచేసే షాపు ఉంది. ఊరి బయట మైదానంలో మా క్లబ్బు రేసులు పెట్టేది. నూటయాభై సీసీ దాటిన ఇంజన్‌ను రానిచ్చేవాళ్లం కాదు. అక్కడ తిన్నని దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది, పక్కనే గోడ. చిన్న బండ్లన్నీ ఇంచుమించు ఒకే వేగంతో వచ్చేవి కాబట్టి క్షేమంగా తిరిగేవి. ఇంజన్లు విప్పి కొలిచే పని నాది. కొలిచాక బోల్టుకు తీగ చుట్టి సీసపు సీలు నొక్కేవాణ్ణి. నా సీలు పడితే ఇక ఎవరూ అనుమానించరు. దానికి నాకెంత గర్వమో!

కానీ జనం పలచబడుతున్నారు. ఒకే వేగం, ఒకే మోత. వచ్చినవాళ్లూ ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు ఒక రైడర్ బండి విప్పితే లోపల పెద్ద పిస్టన్ ఉంది. కొలవక్కర్లేదు, చూస్తేనే తెలిసింది. అతను తల దించుకున్నాడు. నేను సీలు నొక్కాను. లంచం తీసుకోలేదు. ఒక్క బండైనా గట్టిగా దూసుకుపోతే జనం లేచి నిలబడతారని, అంతే. దాన్ని ఆశ అనాలా, పొగరనాలా?

నిలబడ్డారు. ఈలలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ బండి మలుపు దగ్గర వేగం తగ్గించుకోలేక, ముందు వెళ్తున్న యాదగిరిని గుద్ది గోడకేసి కొట్టింది. యాదగిరి నా దగ్గర పని నేర్చుకున్నవాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. సీలు చెక్కుచెదరలేదు కాబట్టి ఆ ఇంజన్‌ను ఎవరూ విప్పి చూడలేదు.

దవాఖానలో స్పృహ వచ్చాక నన్నే అడిగాడు.

"అన్నా, బ్రేక్ నేనే జల్దీ కొట్టిన్నా? అందరు గట్లనే అంటున్రు."

గదిలో ఇంకెవరూ లేరు. అప్పుడే నిజం చెప్పేసి ఉండొచ్చు.

"ఔ తమ్మీ. జర తొందరపడ్డవ్."

"గట్లయితే నన్ను గుద్దినోనిదేం తప్పు లేదు. ఫికర్ చెయ్యొద్దని వానికి చెప్పన్నా."

సీలు నొక్కింది రేసు బతకాలని, అని నాకు నేను సర్దిచెప్పుకోగలను. మరి ఈ అబద్ధం ఎవరి కోసం? నా కోసమే. అతని కాలు పోయింది చాలదన్నట్టు, తప్పు కూడా అతని నెత్తిన పెట్టాను.

ఇప్పుడు యాదగిరి ఆబిడ్స్‌లో హెల్మెట్ల దుకాణంలో కూర్చుంటాడు. మొన్న అటు వెళ్తే, తన తొందర వల్లే కాలు పోయిందని ఎవరో కస్టమర్‌కు నవ్వుతూ చెబుతున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు. కూర్చుని, చాయ్ తాగి, వచ్చేశాను. ఎంత సిగ్గులేని మనిషిని!

అతనికి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ రోజు నేను మలుపు దగ్గరే నిలబడి ఉన్నాను, కళ్లారా చూశాను. యాదగిరి సరైన చోటే బ్రేక్ వేశాడు.