మా అత్త కుడుము కేకు కోయించిన రోజు

మా అత్త మొన్న మంగళవారం పోయింది. చేపలు అమ్ముకుని వచ్చి, గుమ్మంలో గంప దించి, "ఓలమ్మా, మంచినీళ్ళు" అంది. నేను లోపలికి వెళ్ళి తెచ్చేలోపే అయిపోయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. అలా చెబితే ఆవిడే లేచి వచ్చి నా నోటి మీద కొడుతుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఆవిడ నోరూ చెయ్యీ రెండూ దురుసే. భోగాపురం బజారులో ఒకాయన గంటసేపు బేరం ఆడి, చివరికి చేప కుళ్ళిపోయిందన్నాడట. ఆ చేపతోనే చెంప మీద ఒక్కటిచ్చి, "ఇప్పుడు వాసన సూడు" అందట. ఇప్పటికీ అక్కడ చెప్పుకుని నవ్వుతారు.

కానీ సొంత కొడుకు దగ్గర ఆ చెయ్యి లేచేది కాదు. నేను కాపురానికి వచ్చిన రెండో రోజే మా ఆయన తాగి వచ్చి కొట్టాడు. మర్నాడు పొద్దున నా వీపుకి ఆముదం రాస్తూ ఆవిడ నాకో పాఠం చెప్పింది.

"మగోడు వస్తన్న అలికిడి అవగానే ముందు పొయ్యి మీదది దించియ్యాల. పిల్లలుంటే ఎనక్కి నెట్టాల. అప్పుడు గోడేపు తిరిగి కూకుని తలకాయ కప్పుకోవాల. ఈపు మీద పడింది మానిపోద్ది. తల మీద పడింది మానదు."

అంతే. కొడుకుని ఒక్క మాట అనలేదు. ఆవిణ్ణి ఆ పొద్దున ఎంత అసహ్యించుకున్నానో రాయడానికి నాకేం సిగ్గు లేదు. అయినా ఆవిడ చెప్పినట్టే చేశాను, ఆరేళ్ళు.

మా అమ్మాయికి ఐదో పుట్టినరోజు వచ్చింది. ఎయిర్‌పోర్టు వస్తుందని చుట్టుపక్కల ప్రతివాడూ కోటీశ్వరుడైపోయినట్టు మాట్లాడుతున్న రోజులవి. మాకు పడవలో వాటా తప్ప సెంటు భూమి లేదు. బళ్ళో ఎవరో పిల్ల కేకు కోసిందట, మా పిల్ల వారం నుంచీ అదే పాట. కేకు తెస్తానన్న మా ఆయన వేట డబ్బు తాగేశాడు. ఎక్కడైనా చేబదులు తెద్దామని నేనంటే అత్త ఇంతెత్తున లేచింది.

"పుట్టినరోజు మన గుంటకా, బేకరీ ఓడికా? కుండున్నాది, గుడ్డున్నాది, పిండున్నాది. అంతకన్నా గుండ్రంగా ఏటి కావాల?"

కుండ మూతికి గుడ్డ కట్టి, మినప్పిండి పోసి, పళ్ళెమంత ఆవిరి కుడుము వండింది. కరెంటు పోతే వెలిగించుకునే కొవ్వొత్తిని ఐదు ముక్కలు చేసింది. నీలంవీ ఆకుపచ్చవీ పాత వలలు తెచ్చి వాకిట్లో తోరణాల్లా కట్టి, వాటికి మందారాలు గుచ్చింది. పిల్లలకి పెట్టడానికి నేను మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ కలిపాను. నిజం చెప్పొద్దూ, బాగానే కుదిరింది. నా కోరిక ఒక్కటే. ఆ ఒక్క రోజు నా కూతురి కళ్ళ ముందు దెబ్బ పడకూడదు.

సాయంత్రం నాలుగింటికి వీధి పిల్లలు పదిహేను మంది దాకా వచ్చారు. కుడుము చల్లారేలోగా అమ్మా నాన్నా ఆట మొదలుపెట్టారు. పక్కింటి పిల్ల లుంగీ చుట్టుకుని నాన్న అయింది. తూలుతూ వచ్చి, "కూరేదే?" అని అరిచింది. అందరూ విరగబడి నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. మూడు రాళ్ళ మీద పెట్టిన కొబ్బరి చిప్పని జాగ్రత్తగా దించి పక్కన పెట్టింది. తన బిడ్డగా ఆడుతున్న చిన్నదాన్ని వెనక్కి నెట్టింది. గోడ వైపు తిరిగి, గొంతుక్కూర్చుని, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. తొందర లేదు, భయం లేదు. ఇల్లు సర్దుకున్నట్టు చేసింది.

కుడుము మీద బెల్లం పాకం పోస్తున్న అత్త చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

కొవ్వొత్తులు వెలిగించేసరికి మా ఆయన వచ్చాడు.

"ఇదేటి? నా కూతురికి కుడుమా? ఊళ్ళో నా పరువు తీసేత్తన్నారే!"

కుడుము పళ్ళాన్ని ఒక్క తన్ను తన్నాడు. నా జుట్టు పట్టుకుని మొహం గుంజకేసి కొట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. పిల్లలు చెల్లాచెదురయ్యారు. మా అమ్మాయి మాత్రం పరిగెత్తలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, ఈసారి నిజంగానే, తల కప్పుకుని కూర్చుంది.

అత్త తలుపు వెనకాల ఉన్న పడవ తెడ్డు తీసింది. మొదటి దెబ్బ కొడుకు భుజం మీద పడింది. రెండోది మణికట్టు మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. "అమ్మా" అని కూలబడ్డాడు. మూడోది వీపు మీద వేసింది, నాలుగోది కూడా. నేను ఆపలేదు. ఇంకొకటి పడితే బాగుండుననుకున్నాను.

తెడ్డు పారేసి, మనవరాలి రెక్క పట్టుకుని లేపింది.

"లేయే గుంటా. గోడకేసి కూకోడం ఇకమీద మనింట్లో లేదు. రా, కేకు కొయ్యి."

కుడుముకి ఇసక అంటిన అంచు తీసేసి, చేపల కత్తి కడిగి మనవరాలి చేతికిచ్చింది. తిరిగొచ్చిన పిల్లలు ఏడుగురే. ఒక పక్క మా ఆయన మూలుగుతున్నాడు, నా పెదవి వాచిపోయింది, ఆవిడ మాత్రం గొంతు చించుకుని పిల్లల చేత చప్పట్లు కొట్టించింది.

తల్లి కొడుకు చెయ్యి విరగ్గొట్టిందని ఊరి పెద్దలు పిలిపించారు. ఆవిడ నిలబడే చెప్పింది.

"నా కొడుకుని నాను కొట్టుకున్నాను. ఆలీసంగా కొట్టినాను, అదే నా తప్పు. దానికి ఏటి తప్పు ఏత్తారో ఎయ్యండి."

ఎవరూ ఏ జరిమానా వెయ్యలేదు. ఆవిడే కొడుకుని విజయనగరం తీసుకెళ్ళి కట్టు కట్టించింది. రెండు నెలలు తిడుతూ అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఆయన తాగుడు మానలేదు, అబద్ధం ఎందుకు. చెయ్యెత్తడం మానేశాడు. ఆవిడకి నేను రుణపడి ఉన్నాను. బతికుండగా ఆ మాట అనలేదు. అంటే తిట్టేది.

మంగళవారం మధ్యాహ్నం చీరలు అడ్డం పట్టి ఆవిడకి స్నానం చేయించాం. పదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా ఆవిడ ఒళ్ళు నేనెప్పుడూ చూడలేదు. పొట్ట నుంచి తొడ దాకా కాలిన మచ్చ, చర్మం ముడతలు పడి బిగుసుకుపోయింది. ఆవిడ తోటికోడలు నా చెవిలో చెప్పింది.

"మీ మావే. కాగతన్న గంజి కుండని తన్నీసినాడు. నీ మొగుడు అప్పుడు కడుపులో ఉన్నాడు. అప్పట్నుంచీ దీనికి ముందు పొయ్యి మీదది దించడం అలవాటైపోయినాది."

తన దగ్గరున్న పాఠమే నాకిచ్చింది మహాతల్లి.

మా అమ్మాయికిప్పుడు తొమ్మిదేళ్ళు. తల మీంచి నీళ్ళు పొయ్యమని చెంబు చేతికిస్తే, అది ఆ మచ్చ మీదే పోస్తోంది, కొంచెం కొంచెంగా, ఇప్పుడే కాలినట్టు. "చాల్లే, లేయే" అన్నారెవరో. అది లేవలేదు. ఇంకో చెంబు ముంచింది.