మిల్లు గేటు ముందు పేలిన కారు

పాండేసర మిల్లుల వాడలో షిఫ్టు వదిలిన వేళ, బట్టలకు రంగులద్దే ఓ డైయింగ్ మిల్లు గేటు ముందు, పెట్రోలుతోనూ గ్యాస్‌తోనూ నడిచే నా కారు స్టార్ట్ చేయగానే ఢామ్మని పేలింది. "బాయిలర్ ఫట్ గయా, భాగో!" అని ఎవరో అరిచారు. మిల్లు బాయిలరే పేలిందనుకుని జనం పరుగెత్తారు. ఆ తోపులాటలో ఓ పెద్దాయన సైకిల్‌తో సహా తన చేతి మీదే పడ్డాడు. నేను దిగి వెళ్లేసరికి తోటివాళ్లు ఆయన్ని ఆటోలో తీసుకెళ్లిపోయారు.

కారును దగ్గర్లోని డిండోలికి లాగించుకెళ్తే, అక్కడి మన తెలుగు మెకానిక్ మల్లేశం బానెట్ ఎత్తి, పగిలిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా చూపించాడు.

"ఏంది సార్, గ్యాస్ మీదనే స్టార్ట్ చేస్తున్నరా?"

"పెట్రోలు మిగులుతుందని..."

"ప్లగ్గులు అరిగినయ్. నిప్పు సక్కగ పడక గ్యాస్ వెనక్కి తన్నింది. జర పెట్రోలు మీద స్టార్ట్ చేసి, వేడెక్కినంక గ్యాస్‌కు మార్చుండ్రి. లేకుంటే పటాకుల బదులు మిమ్మల్నే పెండ్లి బరాత్‌కు పిలుస్తరు."

ప్లగ్గులు మార్చాక కారు మళ్లీ పేలలేదు. వారంపాటు ఆ గేటు దగ్గర ఆయన గురించి అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. పెద్దాయన చెయ్యి విరిగిందో, బెణికిందో నాకు ఇప్పటికీ తెలియదు.