చిప్పలో ఎండిపోయిన బంక

పొద్దున అంగడిలో గమ్ము సీసా మూత తీసినా. ఆ వాసనకి మా ఊరు కోటలో ఇంటి కిటికీ మీదుండే కొబ్బరిచిప్ప గుర్తొచ్చింది. మీ ఇళ్లల్లోనూ ఉండేది కదా? తుమ్మచెట్టు బంక గిల్లుకొచ్చి నీళ్లలో నానేస్తే పుస్తకం అట్టకీ, ఉత్తరానికీ, గాలిపటానికీ అదే. దగ్గొస్తే మా జేజి, అదే మా నాయనమ్మ, చిన్న ముక్క బుగ్గన పెట్టుకోమనేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటో రెండో, అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. గాలివానకి తడిసి మా నాయన ఫోటో అట్ట నుంచి ఊడొచ్చింది. నాకు ఊహ తెలియకముందే పోయినాడాయన. ఉండింది ఆ ఒక్క ఫోటోనే. చిప్పలో చూస్తే బంక ఎండిపోయుండాది. మళ్లీ నానేసే ఓపిక లేక, నాలుగు అన్నం మెతుకులు పిసికి వెనక పూసి అంటించేసినా. అమ్మకి చెప్పలేదు.

వారం తిరక్కుండానే మెతుకులకి మరిగిన బొద్దింకలు కాగితం కూడా కొరికేసినాయి. నాయన మొహం ఉండేచోట చిల్లు మిగిలింది.

"మెతుకులు పూసినావామ్మే?" అనింది అమ్మ.

తలూపినా. కొడతాదనుకున్నా. చానాసేపు ఫోటో చూసి, "పోనీలే, ఏడవబాక. మీ నాయన మొహం నాకు గుర్తుండాదిలే" అనింది.

అమ్మకి గుర్తుంది. నేను ఆయన్ని చూసిందే ఆ ఫోటోలో.