పురిటిగదిలో దర్శనం

ఆ రోజుల్లో పొగంటే కంటికి కనిపించేదే. కళ్ళు మండితే పొగ ఉన్నట్టు, మండకపోతే లేనట్టు. కట్టెపొయ్యి ముందు పుట్టి పెరిగిన మాకు అంతకుమించిన శాస్త్రం అక్కరలేకపోయింది. నేను బడి గడప తొక్కలేదు. నాయన పంచలో కూర్చోబెట్టి దిద్దించిన అక్షరాలూ, అవ్వ నేర్పిన నామజపమూ నా చదువు. పదమూడేళ్ళకే, దేవుడు నాకు తప్పకుండా కనిపిస్తాడని గట్టి నమ్మకం. (నాకే ఎందుకు కనిపించాలో మాత్రం ఆలోచించలేదు.)

దొరవారిసత్రం దాటి పులికాట్ వైపు మా పల్లె. ఆ కార్తీకంలో మా అక్క పురిటికొచ్చి మగపిల్లాణ్ణి కన్నది. వాడు పుట్టిన ఆరో రోజున గాలివాన పట్టుకుంది. బాలింతకు గాలి తగలకూడదని అవ్వ పురిటిగది కిటికీ మూసి, సందుల్లో పాతచీర పేలికలు కుక్కి, మంచం పక్కన బొగ్గుల కుంపటి పెట్టింది. జాగ్రత్త గల మనిషి, పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చింది. "పొగ లేదు గదా, ఇంక భయమేంది? ఈడ కూచోని జపం చేసుకో, అక్కనూ పిల్లోణ్ణీ చూసుకో" అని నాకు అప్పగించి తలుపు మూసి వెళ్ళింది.

కాసేపటికి నా తల బరువెక్కింది. చెవుల్లో గంటలు మోగాయి. కళ్ళ ముందు వెలుగు చుక్కలు తిరిగాయి. ఇంకేముంది, స్వామి గుమ్మం దాకా వచ్చేశాడనుకున్నాను. "వచ్చినావా సామీ!" అని గట్టిగానే అన్నాను కాబోలు, అవ్వా పక్కింటి పిన్నమ్మా పరుగెత్తుకొచ్చారు. నేను ఊగిపోతున్నాను.

"ఓయమ్మో, పిల్లకు అమ్మోరు పూనింది!" అని అవ్వ లెంపలేసుకుంది. "తలుపెయ్యి మేయ్, పసిబిడ్డకు గాలి తగలతాది!" (నేను పిలిచింది ఒకరిని, వచ్చిందని వాళ్ళన్నది మరొకరిని. ఆ హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు.)

పిన్నమ్మ నా ముందు కూలబడి, "తల్లీ, మా బర్రె తప్పిపోయింది, యాడుందో చెప్పు" అనడిగింది. నోటికొచ్చిన ఊరు చెప్పాను, "మనుబోలు" అని.

"అంతదూరం ఎట్ట పోయింది తల్లీ?" అని ఆవిడ నిజంగానే బాధపడింది.

అక్క పలకలేదు. పిల్లాడు ఏడవలేదు. "చూడు, బిడ్డ ఎంత చల్లగా నిద్రపోతుండాడో. అంతా అమ్మోరి చలవ" అంటూ అవ్వ గోడ పట్టుకుంది.

అప్పుడే, మా బిందెలకు కళాయి పూసి తెచ్చిన సాయిబు మామ వరండాలోంచి కేకేశాడు. అవ్వ తలుపు ఓరగా తీసి, "అరవబాకు సాయిబూ, లోపల అమ్మోరుండాది" అంటూనే గడప మీద వాంతి చేసుకుంది. ఆయన లోపలికి తొంగిచూశాడు. మూసిన కిటికీ. నిప్పుల మీద ఆడుతున్న నీలిమంట.

"అమ్మోరు కాదవ్వా, బొగ్గు గాలి! అందరూ బయటికి రాండి!"

"పురిటిగదిలోకి మగోడా!" అని అవ్వ అడ్డుపడుతూనే ఉంది. ఆయన ముందు పిల్లాణ్ణి, తరవాత అక్కను, చివరికి నన్నూ వరండాలోకి చేర్చాడు. పిన్నమ్మ పాక్కుంటూ వచ్చింది. పిల్లాడు అవ్వ ఒళ్ళో గుడ్డపేలికలా ఉన్నాడు. వానజల్లు ముఖాన పడుతున్నా కదలడు. వాణ్ణి చూసుకొమ్మని కూర్చోబెట్టింది నన్నే కదా.

ఎంతసేపో తెలియదు. వాడు ఒక్కసారి దగ్గి, కెవ్వుమన్నాడు. ఆ ఏడుపుకు అక్క కూడా కళ్ళు తెరిచింది. అవ్వ మైల సంగతే మరిచిపోయి సాయిబు చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే మా నాయన వీపు చీరేసేవాడవ్వా" అన్నాడు ఆయన. "పొగైతే దగ్గించి బయటికి తరుముతాది. ఇది జోకొట్టి పడుకోబెడతాది."

(ఆ జోకొట్టేదాని పేరు కార్బన్ మోనాక్సైడ్ అని ఎన్నో ఏళ్ళ తరవాత మనవరాలి పుస్తకంలో చదివాను.)

తల తిరుగుడు తగ్గాక నాకు పట్టుకున్నది మరో దిగులు. అప్పటికీ సిగ్గులేకుండా అడిగేశాను: "మామా, నువ్వు రాకుంటే నాకు దర్శనం పూర్తిగా అయ్యుండేది గదా?"

"అయ్యుండేదమ్మణ్ణీ" అన్నాడు కుంపటి మీద నీళ్ళు గుమ్మరిస్తూ. "ఆయన దగ్గరికే పోయి, ఎదురెదురుగా కూచోనుండేదానివి."

అప్పట్నుంచీ కిటికీలన్నీ తెరిచే పూజ చేసుకుంటున్నాను. స్వామి ఒక్కనాడూ కనిపించలేదు. ఆయన దయ.