మా ఆవిడ జడ్పీ మీటింగు

మొన్న ఈ ఎడారి దేశంలో, సీబ్ పట్నంలో మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చునే ఫోన్‌లో మునిసిపల్ కౌన్సిల్‌కు ఓటు వేసేసి, అయిపోయింది, ఇక కారు తియ్యమన్నాడు. నాలుగు నొక్కులు, అంతే! నా ఈడువాళ్లు నవ్వుకుంటారేమో గానీ, చేతులు స్టీరింగ్ మీదే ఉన్నా మనసు మాత్రం మా జిల్లా పరిషత్ హాలు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది, ఇప్పటికీ కుదురుకోలేదు.

నేను ఈ దేశంలోనే రుసైల్‌లో ఒక గోదాములో పనిచేసే రోజుల్లో మా మండలం జడ్పీటీసీ సీటు మహిళలకు రిజర్వయింది. ఆశపడ్డవాణ్ని నేను, నిలబడ్డదీ గెలిచిందీ మా ఆవిడ. మండలానికొకరుగా గెలిచిన సభ్యులు చేతులెత్తి చైర్మన్‌ను ఎన్నుకోవడం, మూడు నెలలకోసారి సర్వసభ్య సమావేశంలో ఊళ్ల బాధలు అడగడం, ఒక్కో శాఖ అధికారి లేచి జవాబు చెప్పుకోవడం, చివరికి తీర్మానం రాయించడం, ఇదంతా నాకు కంఠతా వచ్చేసింది, ఆవిడకు నేర్పాలి కదా మరి! ముందుగా వచ్చే ఎజెండా పుస్తకాన్ని ఆవిడ ఫొటోలు తీసి పంపితే, నేను రూమ్‌లో మంచం మీద కూర్చుని ఏమడగాలో రాసి పంపేవాణ్ని, ఆవిడ దాన్ని కాయితం మీదికి ఎక్కించుకుని సభలో చదివేది. ఊళ్లో నన్నే జడ్పీటీసీ అనేవాళ్లు, నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు.

ఒకసారి మా ఊరి రోడ్డు గురించి అడగమన్నాను. సెలవు మీద వెళ్లినప్పుడు ఆ రోడ్డు మీదే కారు దిగాలని, వేయించింది నేనేనని పదిమందీ చెప్పుకోవాలని నా తాపత్రయం. ఒక్కో సభ్యుడికి దొరికేది రెండు మూడు నిమిషాలు, ఒక్క సంగతి అడగగలిగితే గొప్ప. మీటింగు రోజు డ్యూటీలో చెయ్యి ఆడలేదు, ఆవిడ ఫోన్ స్విచాఫ్, కాలుగాలిన పిల్లిలా గోదామంతా తిరిగాను. మధ్యాహ్నం దాటాక ఆవిడే ఫోన్ చేసింది. రోడ్డు అడగలేదట. మా ఊరి జడ్పీ హైస్కూలు మన పరిషత్తుదే కదా, ఆడపిల్లలకు మరుగుదొడ్లు ఎందుకు లేవని నిలదీసిందట, చైర్మన్ అక్కడికక్కడే తీర్మానం రాయించాడట. నాకు ఒళ్లు మండిపోయింది, నేను రాసిందేమైందని కసిరాను.

“నీ కాయితం నా సంచిలనే ఉన్నది. నీ బిడ్డ బడికి పోయి మళ్ల ఇంటికొచ్చేదాంక నీళ్లు తాగుతలేదు, ఎరుకేనా నీకు? గందుకే గదడిగిన.”

వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. కోపమని రూమ్‌లో అందరికీ చెప్పుకున్నాను గానీ, అది సిగ్గు. ఎండకు పడిపోతామని మా ఫోర్‌మన్ గంటకోసారి మాతో నీళ్లు తాగించేవాడు, సీసా ఎత్తినప్పుడల్లా బడిలో ఉన్న బిడ్డే గుర్తొచ్చేది. అన్నాళ్లుగా రోజూ ఫోన్ చేసి రోడ్డు అడిగాను, తీర్మానాలు అడిగాను, పిల్ల ఎలా ఉందని మాత్రం సరిగ్గా అడిగిన గుర్తు లేదు.

మరుగుదొడ్లు కట్టారు, రోడ్డు రాలేదు. ఆవిడ పదవీకాలం ఎప్పుడో ముగిసింది, ఎజెండా పుస్తకాలు రావు, శుక్రవారం సెలవు వచ్చిందంటే నాకు ఏ పనీ తోచదు. బిడ్డ పట్నంలో ఉద్యోగం చేస్తోంది, ఏదున్నా తల్లికే చెప్పుకుంటుంది, నేను ఫోన్ చేస్తే బాగున్నానని ఒక్క ముక్క అని ఊరుకుంటుంది. నిండు సభలో ఏమడగాలో రాసి పంపినవాణ్ని, నా బిడ్డను ఆ తర్వాత ఏమడగాలో తెలియక ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంటాను.