నెమ్మదిగా, మైనర్‌లో

పుష్పకుమారికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అనకాపల్లిలో ఆమె పనిచేసే ల్యాబ్‌కి రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లకీ, చర్చిలో ఆమె నడిపే క్వయర్‌కీ ఆ సంగతి బాగా తెలుసు. రూఫస్ జ్ఞాపకార్థ కూడికకు ముందు వారమంతా ఆమె గుసగుసగానే మాట్లాడింది.

రూఫస్ ఆ క్వయర్‌లో ఒకే ఒక్క బేస్. నాలుగు రకాల గొంతులు కలిసి పాడే పాటలో అన్నిటికన్నా కింద నడిచే గొంతు అతనిది. పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో రసాయనాలు ఉడికించే రియాక్టర్ మీద హెల్పర్‌గా చేసేవాడు. ఆ రోజు షిఫ్టులో లోపల ప్రెషర్ పెరుగుతోందని సూపర్‌వైజర్‌కి చెప్పేడు. బ్యాచ్ పాడైపోతుంది, ఆపొద్దన్నారు. పేలింది. కాలిన ఒంటితో ఆస్పత్రికి తీసుకెళ్లేరు, బతకలేదు. మర్నాడు పేపర్లో 'ప్రమాదం' అని వేసేరు. ముందే చెప్పినా ఆపనిదాన్ని ప్రమాదం అని ఎలా అంటారో ఆ రాసినవాళ్లే చెప్పాలి.

కూడికలో పాడడానికి పుష్పకుమారి ఎంచుకున్నది, చనిపోయినవారి కోసం పాడే ఒక పాత లాటిన్ ప్రార్థన. కశింకోట నుంచి వచ్చి మిషన్ హాస్టల్లో చదువుకునే రోజుల్లో అక్కడి టీచరమ్మ నేర్పింది. చాలా నెమ్మదిగా నడిచే పాట అది. ఒక్కో మాటకి ఒక ఊపిరి పడుతుంది. మైనర్ కీలో ఉంటుంది. ఆ స్వరాల్లోనే దిగులు పలుకుతుంది. దాన్లో ఏడుపు ఉంది గానీ బతిమాలుకోవడం లేదు. ఆడగొంతులు మొదలుపెడతాయి. నడుమ అందరూ ఆగిపోతారు, బేస్ ఒక్కటే రెండు వరుసలు పాడుతుంది. తరవాత మిగతా గొంతులన్నీ వచ్చి దాని మీద నిలబడతాయి. దేవుడి ఎదటికెళ్లి జవాబు అడిగే పాట ఇదని టీచరమ్మ చెప్పేది.

చర్చి కార్యదర్శి జయప్రకాశ్ ప్రాక్టీసుకి వచ్చి విన్నాడు. కంపెనీ నుంచి మేనేజర్ దేవీప్రసాద్ గారు వస్తున్నారనీ, చర్చి హాలుకి రేకులు వేయించింది వాళ్లేననీ, ఇంత బరువైన పాట పాడితే వాళ్లని వేలెత్తి చూపించినట్టుంటుందనీ నసిగేడు. హుషారుగా వినబడే మేజర్‌కి మార్చి, కాస్త స్పీడు పెంచి, రిథమ్ వేసి పాడమన్నాడు. మనకి పునరుత్థాన నిరీక్షణ, పోయినవాళ్లు తిరిగి లేస్తారన్న ఆశ ఉంది కదా, విశ్వాసులం ఇలా మూలుగుతూ కూర్చోవచ్చా అన్నాడు.

"నిరీక్షణ నాకూ ఉందన్నయ్యా," అంది పుష్పకుమారి. "దానికి డ్రమ్ము అక్కర్లేదు."

బేసే లేనప్పుడు పాట ఎలా నిలబడుతుందని అడిగేడతను. కీబోర్డు వాయించే మోహిత్ ఆ రెండు వరుసలూ తను వాయిస్తానన్నాడు. ఆమె వద్దంది.

ఆ సాయంత్రం రూఫస్ భార్య సిరి దగ్గరికి వెళ్లింది. ఎలా పాడాలో చెప్పాల్సింది ఆమేగా. కంపెనీ మనుషులు రోజూ వచ్చి, అంతా దేవుడి పిలుపు అంటున్నారట. పాస్టరుగారూ ఆ మాటే పట్టుకున్నారట.

"ఆయన్ని దేవుడు పిలవలేదక్కా," అంది సిరి. "ఈళ్లు సంపేసేరు. ఆ మాట ఒక్కరూ అనట్లేదు. మీరు కూడా దాన్ని సంబరం సేసెయ్యకండి."

కూడిక రోజు ముందు వరసలో దేవీప్రసాద్, పక్కన పెద్ద పూలదండ. క్వయర్ లేచి నిలబడింది. మోహిత్ వేళ్లు పెట్టగానే కీబోర్డులోంచి మేజర్‌లో, టకటకమని డ్రమ్ము బీటుతో ఇంట్రో వచ్చింది. జయప్రకాశ్ ముందురోజే అతన్ని ఇంటికి పిలిపించుకున్నాడు. మోహిత్ అన్న అదే కంపెనీలో కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఇంక వేరే బెదిరింపు ఎందుకు?

పుష్పకుమారి వెళ్లి ప్లగ్గు పీకేసింది. తిరిగొచ్చి నోటితోనే శ్రుతి అందించి చెయ్యెత్తింది.

నెమ్మదిగా మొదలుపెట్టేరు. బేస్ చోటు వచ్చింది. ఎవరూ పాడలేదు. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. రూఫస్ పాడితే ఎంతసేపో అంతసేపూ గాల్లో తాళం వేస్తూనే ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పాట అయిపోయిందనుకున్నాడు దేవీప్రసాద్. చప్పట్లు కొడుతూ లేచి మైకు అందుకుని, రూఫస్ మా కుటుంబ సభ్యుడు అని మొదలెట్టేడు. కదులుతున్న ఆ చెయ్యి అప్పుడు కనబడింది. మాట్లాడడమా, కూర్చోవడమా తేల్చుకోలేక మైకు పట్టుకుని అలా ఉండిపోయేడు.

సిరి లేచింది. "పాట అవ్వలేదండి. ఇది ఆయన పాడాల్సింది. మీ కుటుంబమే అయితే సెప్పండి, ప్రెషర్ పెరుగుతోందని ఆయన సెప్పినప్పుడు ఎందుకు ఆపలేదు?"

విచారణ జరుగుతోందమ్మా అన్నాడతను.

"అయితే అది తేలీదాకా కూకోండి."

కూర్చున్నాడు. మగవాళ్లలో పై గొంతువాళ్లు, టెనార్లు, అందుకున్నారు, తరవాత ఆడవాళ్లు. కింద ఏ ఆసరా లేకుండానే, ఎక్కడా తొందరపడకుండా చివరిదాకా పాడేరు.

అతిథిని అవమానించిందని చర్చి కమిటీ పుష్పకుమారిని క్వయర్ నుంచి తప్పించింది. రూఫస్ మాట వినని సూపర్‌వైజర్‌ని ఎవరూ దేన్నుంచీ తప్పించలేదు. అతను ఇవాళ కూడా డ్యూటీలోనే ఉన్నాడు. చర్చిలో ఇప్పుడు ప్రతి పాటకీ డ్రమ్ము మోగుతోంది. ఆమె వెనక బెంచీలో కూర్చుని పాస్టరుగారు చెప్పే వాక్యం విని వచ్చేస్తోంది.

సాయంత్రాలు మాత్రం సిరి ఇంట్లో రూఫస్ షిఫ్టువాళ్లకి బేస్ నేర్పుతోంది. వాళ్లలో చాలామంది చర్చి గడప తొక్కినవాళ్లు కాదు. కంపెనీ గేటు ముందు, షిఫ్టు మారే వేళకి పాడాలని వాళ్ల ఆలోచన. పోలీసు పర్మిషన్ అడగాలా వద్దా అని ఇంకా గొడవ పడుతున్నారు. రావికమతం నుంచి వచ్చి ఆ కంపెనీలోనే ముసలివాడైపోయిన సన్యాసిరావు ఒకరోజు మధ్యలోనే ఆపేసి, ఛాతీ రుద్దుకుంటూ చేతులు జోడించేడు.

"ఇంత పొడుగు ఊపిరి మాకేదమ్మా? ఆ సాల్వెంట్ల ఘాటు పీల్చి పీల్చి మెట్లెక్కలేకపోతన్నాం. కొంచెం బేగి పాడుకుందాం."

"బేగి పాడితే సులువు ఆళ్లకే మామా," అంది పుష్పకుమారి. "ఊపిరి ఆడకపోతే మజ్జలో ఆగండి. దగ్గొత్తే దగ్గండి. ఆ దగ్గు కూడా ఇనాల ఆళ్లు."